దారి పేజీలు

ఆదివారం గుట్టెక్కి వచ్చిన సంగతి టీచరమ్మ మేనకోడలితో చెప్పలేదు. బూట్లకంటిన ఎర్రమట్టిని పెరటి కుళాయి కింద కడిగేసి, "ఎక్కడికెళ్లావత్తా?" అంటే "ఊరికే, అలా నడిచొచ్చాను" అంది. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. పిల్లల జవాబుల్లో సగం నిజానికి సగం మార్కులు వేసే మనిషి ఆమె. తన జవాబుకు తనే వేసుకోవలసి వస్తే ఎన్ని వేసుకునేదో మరి.

మంగళవారం పొద్దున వంటింట్లోంచి కూనిరాగం వినిపించింది. అమ్ములు. బళ్లో లైబ్రేరియనే అయినా ఇంట్లో ఇంకా అమ్ములే. తండ్రి పోయాక ఆ గొంతులోంచి పాట రావడం ఇదే మొదలు. టీచరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపలికి వెళితే పాట ఆగిపోతుందేమోనని.

"ఏంటత్తా అలా చూస్తున్నావు? బాగా లేదా?"

"బాగానే ఉంది. పాలు పొంగుతున్నాయి, చూసుకో."

"పొంగనీ." స్టవ్వు ఆపేసి ఇటు తిరిగింది. "ముందే చెబుతున్నా. మధ్యాహ్నం పెద్దసారు 'మీరేమంటారు టీచర్' అనగానే నీ చెయ్యి టపీమని లేవాలి. కళ్లజోడు తుడుచుకుని, నీళ్లు తాగి, గొంతు సవరించుకుని... ఆ తతంగమంతా ఇవాళ వద్దు."

"నేనెప్పుడలా చేశాను?"

"రాత్రి కూరలో ఉప్పు సరిపోయిందా అంటే చేశావు!"

టీచరమ్మ నవ్వింది.

సంగతేమిటంటే, ఆ బడి ఏటా తొమ్మిదో తరగతి పిల్లలందరికీ పాఠ్యపుస్తకం కాక మరో పుస్తకం చేతికిస్తుంది. ఈసారి విషయం జీవవైవిధ్యం. ఇక్కడి కమిటీ ఏది ఎంచుకుంటే అదే, ఆ యాజమాన్యం నడిపే మిగతా బళ్లన్నిటికీ వెళుతుంది. వడపోతలన్నీ అయ్యాక రెండు పుస్తకాలు మిగిలాయి. ఒకటి విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరమ్మ రాసింది. ఒడిలో పెట్టుకుని చదివితే కాళ్లు తిమ్మిరెక్కేంత లావు. పట్టికలు, కొలతలు, ప్రతి మాటకూ ఒక ఆధారం. రెండోది చెట్లమాస్టారు రాసింది. ఆయన అసలు చెప్పింది డ్రాయింగే, కానీ ఊళ్లో ఎవరూ డ్రాయింగు మాస్టారని పిలిచిన పాపాన పోలేదు. టీచరమ్మకు తోడబుట్టిన అన్న, అమ్ములుకు తండ్రి. ఆ పుస్తకంలో బొమ్మలూ ఆయనవే, కబుర్లూ ఆయనవే. పురుగుకు పుట్టిల్లూ, గడ్డికి చుట్టాలూ ఉన్నట్టు రాశాడు. పుస్తకం అంటే పారిపోయే పిల్లవాడు కూడా తెరిస్తే మూయడు.

పబ్లిషరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. బళ్లు తీసుకుంటే మళ్లీ అచ్చు వేస్తాం, లేకపోతే ఉన్న కాపీలతోనే సరి. ఉన్న కాపీలు ఒక్క అరలో సర్దేయొచ్చు. పోయిన వానాకాలంలో మనిషి పోయాడు. ఇవాళ కమిటీ కాదంటే, ఈ వానాకాలంలో ఆయన గొంతూ పోతుంది. అమ్ములు కూనిరాగం తీస్తున్నది అలాంటిది జరగదన్న నమ్మకంతో. ఆ నమ్మకమంతా అత్త మీద.

అన్నయ్య పుస్తకంలో ప్రతి అధ్యాయం చివరా 'దారి' అని ఒక పేజీ ఉంటుంది. ఇంతసేపూ చెప్పిన చెట్టునో పువ్వునో పిట్టనో వెళ్లి చూసి రావడం ఎలాగో అందులో ఉంటుంది. లోలాకు పువ్వు అధ్యాయం చివర ఇలా రాశాడు: "పాత పాలడిపో దగ్గర బస్సు దిగు. రాళ్లు కొట్టే చోటు దాటి ఎడమకు తిరుగు. రెండుగా చీలిన బండ కనిపిస్తుంది. అక్కడ బూట్లు విప్పెయ్. ఇక అక్కణ్ణుంచి కళ్లతో కాదు, కాళ్లతో చూడాలి. తొలకరి పడ్డాక వెళ్లావో, బండ నీడన నేలంతా చెవులే, చెవులన్నిటికీ లోలాకులే."

ఆదివారం టీచరమ్మ ఆ పేజీ పట్టుకునే వెళ్లింది. అన్నయ్య పోయాక మొదటిసారి. పాలడిపో దగ్గర దిగింది. ఎడమకు తిరిగింది. చీలిన బండ దగ్గర, ఎవరూ చూడటం లేదు కదా అని, బూట్లు కూడా విప్పింది. అరికాళ్ల కింద నేల మెత్తగా లేదు. గుల్లగా ఉంది. వంగి చూస్తే గుంటలు. వేలు పట్టేంత చిన్నచిన్న గుంటలు, బండ నీడ పడిన మేరా. ఒక్క ఆకు లేదు, ఒక్క కాడ లేదు. ఆ మొక్క మిగతా మొక్కల్లాంటిది కాదు. నేలలో వేలెడు దుంప, దాని మీదే దాని బతుకంతా. గింజ నుంచి పువ్వు దాకా రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. దుంప పోయిందంటే అక్కడ దాని వంశం పోయినట్టే.

ఎవరో అమ్ముకునేవాళ్లు తవ్వుకుపోయారనుకుంది. పుస్తకం చూసే వచ్చి ఉంటారనుకుంది. బూట్లు చేత పట్టుకుని గుట్టంతా వెతికింది. చివరికి పుస్తకం చెప్పని పక్కన, మనిషి పక్కకు తిరిగితే తప్ప దూరలేని ఒక సందులో, కొన్ని కనిపించాయి. తెల్లగా, గాలికి ఊగుతూ. ఫొటో తీయలేదు. లెక్కపెట్టలేదు. వచ్చిన అడుగుజాడలు కొమ్మతో చెరుపుకుంటూ దిగొచ్చింది.

ఇదీ ఆమె కడుపులో పెట్టుకున్నది. కక్కలేదు, మింగలేదు. అన్న పుస్తకానికి చెయ్యెత్తితే బళ్లన్నిటి పిల్లలకూ ఆ దారి చేరుతుంది. ఎత్తకపోతే ఎందుకు ఎత్తలేదో చెప్పాలి. చెబితే, పోయిన మనిషి పేరు మీద ఆ గుంటలన్నీ పడతాయి.

*

బడికి ఇద్దరూ కలిసే నడిచారు. గేటు దగ్గర అమ్ములు అత్త మోచెయ్యి పట్టుకుంది.

"నీకో తమాషా చూపిస్తా. మధ్యాహ్నం దాకా లైబ్రరీ వైపు రాకు. నిన్న సాయంత్రమంతా కూర్చుని సర్దాను."

"ఏమిటది?"

"చెబితే తమాషా ఏముంది? పెద్దసారు కూడా నోరు వెళ్లబెట్టాలి. లెక్కల మాస్టారైతే లెక్కలు మర్చిపోవాలి."

టీచరమ్మ పొద్దున పీరియడ్లన్నీ చెప్పింది. ఏం చెప్పిందో అడిగితే చెప్పలేదు. మధ్యాహ్నం బెల్లు కొట్టాక లైబ్రరీ మెట్లెక్కింది. గది పొడుగునా ఒకటే బల్ల. కిటికీలు మూసి ఉన్నాయి, వాన వాసన మాత్రం లోపలికే వస్తోంది. పెద్దసారు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఆయన పక్కన లెక్కల మాస్టారు, ఎదురుగా భాష టీచరు. ముగ్గురూ గోడకేసి చూస్తున్నారు.

గోడ ఈ చివర నుంచి ఆ చివరకు దారాలు కట్టి, దారాలకు క్లిప్పులతో డ్రాయింగు షీట్లు తగిలించి ఉన్నాయి. సెలవుల్లో పిల్లలు చేసుకొచ్చిన నమూనాలు. ఆరబెట్టి, అణిచి, టేపుతో అంటించినవి. తుమ్మకొమ్మ ఒకటి, గడ్డి ఒకటి, ఏదో తీగ. మిగిలిన షీట్లలో...

టీచరమ్మ దగ్గరకు వెళ్లింది. కళ్లజోడు సవరించుకుంది.

మిగిలిన షీట్లన్నిట్లో లోలాకు పువ్వే. తెలుపు పోయి టీ మరకలా అయిన రేకులు. వంకర కాడ. రెండే ఆకులు. కింద, కాగితం మీద చదునుగా పరిచిన వేళ్లు, వేళ్ల మధ్య ఎండి ముడతలు పడ్డ దుంప. ప్రతి దాని కిందా పిల్లల రాత: "దొరికిన చోటు: చీలిన బండ, మాస్టారి దారి." ఒక పిల్ల పక్కన చిన్న లోలాకు బొమ్మ కూడా వేసింది. ఇంకొకడు రాశాడు: "మాస్టారి గుర్తుగా."

"చూశావా అత్తా!" అమ్ములు గొంతు పొంగిపోతోంది. "సెలవులిచ్చే రోజు ఒక్క మాట చెప్పా, అంతే. నాన్న పుస్తకంలో ఏదో ఒక దారి పట్టుకుని వెళ్లి రండర్రా అని. వానలో, బస్సులు మారి, గుట్టెక్కి వెళ్లారు! ఫోను వదలని వెధవలు కూడా వెళ్లారు. ఇంకే పుస్తకమైనా పిల్లల్ని ఇంటి గుమ్మం దాటిస్తుందా?"

"భేష్," అన్నారు లెక్కల మాస్టారు. "నా పుస్తకం చదివి మావాళ్లు పక్క గదికి కూడా వెళ్లరు."

టీచరమ్మ చెయ్యి చాచి ఒక షీటు అంచు పట్టుకుంది. వేలికి దుంప తగిలింది. గట్టిగా, గులకరాయిలా ఉంది. ఆదివారం నుంచి తను తిట్టుకుంటున్న దొంగలు వీళ్లా? తన క్లాసు పిల్లలు. మొదటి బెంచీ, చివరి బెంచీ, అందరూ. మాస్టారి మీద ప్రేమతో వెళ్లి, ఉన్నవన్నీ పీక్కొచ్చిన వాళ్లు.

అప్పుడు గుర్తొచ్చింది. వేళ్లు. ఇంత శ్రద్ధగా, ఒక్క పిల్లవేరు తెగకుండా పెకలించడం పిల్లలకు ఎవరు చెప్పారు? సెలవుల ముందు చివరి క్లాసులో బోర్డు మీద తనే రాసింది, ప్రొఫెసరమ్మ పుస్తకం అనుబంధంలోంచి చూసి మరీ: "నమూనా వేరు నుంచి పువ్వు దాకా పూర్తిగా ఉండాలి. వేరు లేని నమూనా శాస్త్రానికి పనికిరాదు." కింద గీత కూడా గీసింది.

"టీచర్, కూర్చోండి," అన్నారు పెద్దసారు. "మొదలుపెడదాం."

*

ఆ కమిటీలో ఒక పద్ధతి ఉంది. సబ్జెక్టు చెప్పేవాళ్లు చివర మాట్లాడాలి. వాళ్లు ముందు నోరు తెరిస్తే మిగతావాళ్లు గొర్రెల్లా వెనకే పోతారని పెద్దసారు పెట్టిన పద్ధతి. జీవశాస్త్రం చెప్పేది తనే కాబట్టి టీచరమ్మ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వినవలసి వచ్చింది.

భాష టీచరు ముందు అందుకుంది. "నాకు మొక్కల సంగతి తెలీదు. మాట సంగతి తెలుసు. మాస్టారి పుస్తకం చదువుతుంటే మనిషి పక్కన కూర్చుని చెప్పినట్టుంటుంది. ఆ రెండోది..." లావు పుస్తకాన్ని కాస్త అవతలికి జరిపింది. "ఇది పిల్లలకిస్తే తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటారు. నా చెయ్యి మాస్టారికే."

"నాదీ," అంది అమ్ములు. "నేను కూతుర్ని కాబట్టి నా చెయ్యి చెల్లదంటారా?"

"లైబ్రేరియనుగా చెల్లుతుందమ్మా," అన్నారు పెద్దసారు. "కూతురిగా ఇంట్లో చెల్లుతుంది."

లెక్కల మాస్టారు ముక్కు గోక్కున్నారు. "నాకు చెట్లమాస్టారంటే ప్రాణం. పక్కపక్క కుర్చీల్లో ముసలాళ్లమయ్యాం. కానీ పోటీ పరీక్షల్లో ప్రశ్నలన్నీ ప్రొఫెసరు గారి పట్టికల్లోంచే వస్తున్నాయి. లోలాకు పువ్వు అసలు పేరేమిటని అడిగితే మన పిల్లలు చెవులు చూపిస్తారు. ఆ అసలు పేరు పూర్తిగా పలికేలోపు పువ్వు వాడిపోతుందనుకోండి, అది వేరే సంగతి. నా ఓటు లావు పుస్తకానికి."

"నాదీ దానికే," అన్నారు పెద్దసారు. "ఒకదానికి ఆధారాలున్నాయి, ఒకదానికి అభిమానం ఉంది. రేపు ఎవరైనా అడిగితే అభిమానాన్ని చూపించలేను కదా. అమ్ములూ, ఏమీ అనుకోకమ్మా."

అమ్ములు ఏమీ అనుకోలేదు. నిజానికి ఆమె ముఖంలో నవ్వు కూడా ఉంది. చెరి రెండు. మిగిలింది అత్త. అత్త వైపు తిరిగి, కనబడీ కనబడనట్టు కనుబొమలెగరేసింది. టపీమని లేవాలి.

టీచరమ్మకు ఎందుకో ప్రొఫెసరమ్మ తమ ఇంటికి వచ్చిన సాయంత్రం గుర్తొచ్చింది. పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు అన్నయ్యే పిలిచి చదవమని ఇచ్చాడు. ఆవిడ టీ కూడా ముట్టలేదు. "మాస్టారూ, అన్నీ బావున్నాయి. ఆ దారి పేజీలు తీసేయండి. నేను నలభై ఏళ్లుగా ఆ గుట్ట పేరు ఒక్కచోట రాయలేదు. 'ఉత్తరపు రాతి గుట్టల్లో అరుదుగా' అని వదిలేశాను. ఎందుకో మీకు తెలీదా?" అన్నయ్య పకపకా నవ్వాడు. "అమ్మా, పెళ్లికూతుర్ని గదిలో పెట్టి తాళం వేసినట్టుంది మీ లెక్క. చూడనిదాన్ని ఎవడు కాపాడతాడు? రేపు ఆ గుట్టను పగలగొట్టడానికి వస్తే అడ్డం నిలబడేది మీ పట్టికలా, దాన్ని చూసొచ్చిన పిల్లలా?" ఆవిడ లేచి చెప్పులేసుకుంది. "పిల్లలొచ్చేదాకా అది ఉండాలి కదండీ," అని మాత్రం అని వెళ్లిపోయింది. అన్నయ్య ఇటు తిరిగి, "ఏం చెల్లాయ్, నువ్వేమంటావు?" అన్నాడు. తను టీ కప్పులు తీస్తూ ఊరుకుంది. ఆ రోజు ఇద్దరి మాటా నిజమనిపించింది. ఇప్పుడూ అలాగే అనిపిస్తోంది. చిక్కంతా అక్కడే.

"టీచర్?" అన్నారు పెద్దసారు. "మీరేమంటారు?"

చెయ్యి లేవలేదు.

"అత్తా," అంది అమ్ములు, నవ్వుతూనే, మెల్లగా.

"ఈ గోడ మీద ఉన్నవి ఎక్కణ్ణుంచి వచ్చాయో అందరూ చదివారు కదా," అంది టీచరమ్మ. ఆమె గొంతు క్లాసులోలాగే ఉంది. హెచ్చదు, తగ్గదు. "ఆదివారం నేను అక్కడికి వెళ్లాను. చీలిన బండ దగ్గరకు. ఇప్పుడక్కడ గుంటలు తప్ప ఏమీ లేవు. ఎవరో వ్యాపారస్తులు తవ్వారనుకున్నాను. ఇక్కడికొచ్చి చూశాక తెలిసింది."

లెక్కల మాస్టారు గోడకేసి తిరిగారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. అలవాటు చొప్పున షీట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశారు.

"అన్నీనా?" అంది భాష టీచరు.

"మాస్టారి దారి చూపించిన చోట ఒక్కటి మిగల్లేదు."

అమ్ములు నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. "పిల్లలు కదా అత్తా. తెలీక. ఒక్కొక్కరూ ఒక్కటే కదా తెచ్చారు."

"అవును. ఒక్కొక్కరూ ఒక్కటే."

"అయితే అది పిల్లల తప్పు. లేదా... పీకమని ఎవరు చెప్పారు వాళ్లకి? నాన్న పుస్తకంలో పీకమని ఎక్కడైనా ఉందా? చూడమనే కదా రాశాడు!" చేతిలోని పుస్తకం అత్త ముందుకు తోసింది. "చూపించు. ఏ పేజీలో ఉందో చూపించు."

"లేదు. పీకమన్నది నేను."

పెద్దసారు గోడ మీంచి చూపు ఇటు తిప్పారు.

"వేళ్లతో సహా తేవాలని బోర్డు మీద రాశాను. ప్రొఫెసరు గారి అనుబంధంలో ఉన్నదే. మ్యూజియంలో దాచేవాళ్లకు రాసిన నియమాన్ని తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాను. ఏది తేకూడదో చెప్పలేదు. దారి అన్నయ్యది. చేతికి పని చెప్పింది నేను."

లెక్కల మాస్టారు నెమ్మదిగా అన్నారు: "అంటే కంచే చేను మేసిందన్నమాట."

ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వించడానికి అనలేదు.

పెద్దసారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మధ్యేమార్గం ఒకటుంది. ఆ పేజీల మీద ప్రొఫెసరు గారి అభ్యంతరం విని పబ్లిషరుతో ముందే మాట్లాడాను. కుటుంబం ఒప్పుకుని సంతకం పెడితే ఆ దారి పేజీలు తీసేసి వేస్తామన్నాడు. అప్పుడు నా ఓటు కూడా మార్చుకుంటాను. ఏమ్మా?"

అమ్ములు ఆయన వైపు చూడలేదు. అత్తనే చూస్తోంది. "ఆసుపత్రిలో సెలైను చెయ్యి బల్ల మీద పెట్టుకుని, రెండో చేత్తో నాన్న దిద్దింది ఆ పేజీలే. నువ్వూ ఉన్నావు పక్కన. చెప్పత్తా, తీసెయ్యమంటావా? నువ్వు తీసెయ్యమంటే ఇప్పుడే సంతకం పెడతా."

అందరూ టీచరమ్మ నోటి వంక చూశారు. ఊఁ అంటే చాలు. పుస్తకం బతుకుతుంది. పువ్వూ బతుకుతుంది. పోయేది కొన్ని పేజీలే. టీచరమ్మ అన్నయ్య పుస్తకం తీసుకుని మధ్యలో ఎక్కడో తెరిచింది. అధ్యాయం మొదలయ్యేదే పాలడిపో దగ్గర బస్సు దిగడంతో. తర్వాతి దాంట్లో చెరువుగట్టు మీద సైకిలు పంక్చరైంది. మరోదాంట్లో పాత వంతెన కింద వానకు తలదాచుకున్నాడు. దారి పేజీ చివర ఉందంటారు గానీ, ఆ మనిషి పుస్తకమంతా నడుస్తూనే ఉన్నాడు. ఆ నడక తీసేస్తే మిగిలేది ఆయన పేరున్న అట్ట.

"వద్దు," అంది. "సంతకం పెట్టకు."

అమ్ములు ఊపిరి వదిలింది. ఒక్క క్షణం గెలిచాననుకుంది పాపం.

"తీస్తే అన్నీ తీయాలి. అప్పుడది అన్నయ్య పుస్తకం కాదు. ఆయన లేనప్పుడు ఆయన చేత అబద్ధం ఆడించినట్టవుతుంది." పుస్తకం మూసి, అంచులు సరిచేసి, అమ్ములు ముందు పెట్టింది. "నేను తప్పుగా చెప్పిన పద్ధతిని రేపు క్లాసులో దిద్దుకోగలను. బోర్డు తుడిచి మళ్లీ రాస్తాను. కానీ ఒకసారి తెలిసిన దారిని మర్చిపొమ్మని ఏ పిల్లకూ చెప్పలేను. నా చెయ్యి ప్రొఫెసరు గారి పుస్తకానికి."

ఎత్తింది. ఆ చెయ్యి కొంచెం కూడా వణకలేదు. అమ్ములును అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది బహుశా అదే.

"పిల్లలు చదవరు టీచర్," అంది భాష టీచరు, దాదాపు బతిమాలుతున్నట్టు. "మీకూ తెలుసు చదవరని."

"తెలుసు. చదివించడం నా పని. కష్టమే."

పెద్దసారు తీర్మానం రాసుకోవడానికి కలం తీశారు. రాసే ముందు ఆగి, "అయితే అది పూర్తిగా పోయినట్టేనా టీచర్? ఎక్కడా లేదా?" అని అడిగారు.

టీచరమ్మ గ్లాసులో నీళ్లు రెండు గుక్కలు తాగింది. కళ్లజోడు తీసి తుడిచింది. గొంతు సవరించుకుంది.

"బండ దగ్గర లేవు సార్," అంది.

*

వరండాలో అమ్ములు ఎదురుచూస్తోంది. మిగతా ముగ్గురూ దాటిపోయేదాకా నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడింది. వాళ్ల అడుగుల చప్పుడు మెట్లు దిగాక ఇటు తిరిగింది. ఏడ్చిన కళ్లు కావు. ఏడవకూడదని పట్టుబట్టిన కళ్లు.

"పిల్లల్ని అక్కడికి పంపింది నేను. నాన్న రాశాడు, నువ్వు పీకమన్నావు, వెళ్లమంది నేను. అందరి ముందూ తప్పులు లెక్కపెడుతూ ఆ ఒక్కటీ ఎందుకు వదిలేశావు?"

"ఎవరూ అడగలేదు."

"నన్ను కాపాడావా?"

టీచరమ్మ నోటీసు బోర్డు వైపు చూపు తిప్పుకుంది.

"ఇంట్లో ఎందుకు చెప్పలేదు? రెండు రోజులు. రెండు రోజులు నా ఎదురుగా కూర్చుని తిన్నావు. పొద్దున నేను పాడుతుంటే విన్నావు కూడా."

"ఎవరో పరాయివాళ్ల పని అనుకున్నాను. ఏం చెయ్యాలో తేలక..."

"నాతో తేల్చుకోవాలనిపించలేదా? ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరమే కదత్తా."

దానికి జవాబు ఉంది. పాట ఆగిపోతుందని భయమేసింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి, బయటకు రాకుండా వెనక్కి వెళ్లింది. టీచరమ్మకు మాటలెప్పుడూ అలాగే. అవసరమైనవి ఆలస్యంగా వస్తాయి.

అమ్ములు ఒక అడుగు దగ్గరకు వచ్చింది. గొంతు తగ్గించింది.

"బండ దగ్గర లేవన్నావు పెద్దసారుతో. నీళ్లు తాగి, కళ్లజోడు తుడిచి మరీ అన్నావు. నాకు తెలీదా నీ సంగతి? ఇంకోచోట ఉన్నాయి."

గేటు బయట ఏదో బస్సు హారను కొట్టుకుంటూ వెళ్లింది. టీచరమ్మ ఆ చప్పుడు పూర్తిగా తగ్గేదాకా ఆగింది.

"ఉన్నాయా అత్తా?"

"ఉన్నాయి."

అమ్ములు ముఖం ఒక్కసారి వెలిగింది. తండ్రి ముఖమే. కొత్త పిట్ట కూత వినిపిస్తే ఆయన ముఖం సరిగ్గా అలాగే వెలిగేది. "ఎక్కడ? నేనొక్కదాన్నే వెళతా. ఒట్టు, ఎవరికీ చెప్పను, ముట్టుకోను. ఒక్కసారి చూసి వచ్చేస్తా. నాన్న పోయాక నేనింకా చూడలేదు."

టీచరమ్మ ఆ ముఖం వంక చూసింది. ఇది తను ఎత్తుకుని తిరిగిన పిల్ల. అబద్ధం ఆడదు. ఒట్టు తప్పదు. అయినా రేపు ఎప్పుడో ఇలాగే ముఖం వెలిగించుకుని మరో పిల్ల వచ్చి అడుగుతుంది, అప్పుడు ఈ పిల్ల కాదనలేదు. కాదనలేని గుణం ఆ రక్తంలోనే ఉంది. అన్నయ్య ఎవరినీ కాదనలేదు.

"చెప్పను," అంది.

"నాకా?"

"నీకు కూడా."

అమ్ములు ఒక అడుగు వెనక్కి వేసింది. చెంప మీద కొట్టినా అంత దూరం జరిగేది కాదేమో.

"నాన్నైతే చెప్పేవాడు," అంది.

"అవును. చెప్పేవాడు."

అమ్ములు లైబ్రరీ తలుపు వైపు తిరిగి, తిరిగిన చోటే నిలబడి, "సాయంత్రం నా కోసం ఆగొద్దు. నువ్వు వెళ్లిపో, నేను తర్వాత వస్తా," అంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గట్టిగా వేయలేదు. జాగ్రత్తగా, చప్పుడు కాకుండా వేసింది.

బెల్లు కొట్టారు. తొమ్మిదో తరగతి పిల్లలు ఆటస్థలం నుంచి తోసుకుంటూ మెట్లెక్కి వస్తున్నారు, వానకు తడిసిన చొక్కాలతో, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ. టీచరమ్మను చూసి కొందరు సర్దుకున్నారు. "గుడాఫ్టర్నూన్ టీచర్" అన్నారు. ఒకమ్మాయి ఆగి, "టీచర్, లైబ్రరీలో మా షీట్లు చూశారా?" అంది.

"చూశాను," అంది టీచరమ్మ. "క్లాసుకు నడవండి. దాని గురించే మాట్లాడుకుందాం."